మూడు తరముల పట్టిక

మన ఇండ్లలో పెండ్లిపీటలమీద పురోహితుడు ప్రవర చదువునపుడు వధూవరుల పూర్వుల పేర్లు మూడు తరములవరకు వినవచ్చును. ఫలానావారి మునిమనుమరాలు, ఫలానావారి మనుమరాలు, ఫలానావారి కూతురు అని ముమ్మారు చెప్పిన తరువాతనే పిల్లను ఒప్పగింతురు. బాజాల మ్రోతలో ఆ మాటలను శ్రద్ధగా వినువారు కొద్దిమంది. అమెరికా దేశమున కొన్ని వైద్యాలయములలో ఇంచుమించు ఇట్టి ప్రవరనే నేడు రోగులచేత చెప్పించుచున్నారు. అక్కడ వినువారు మాత్రము ఒక్క పేరును జారవిడువరు. దానిమీద ప్రాణములు ఆధారపడియున్నవి.

బల్లకు ఒక ప్రక్క రొమ్ము క్యాన్సరు వచ్చి, చికిత్స పొంది, బ్రతికి బయటపడిన స్త్రీ కూర్చుండును. ఎదుట జన్యు సలహాదారు కూర్చుండును. ఆమె చేతిలో ముఖ్యసాధనములు ఒక కాగితము, ఒక పెన్సిలు. స్త్రీని గుండ్రని గుర్తుగాను, పురుషుని చదరపు గుర్తుగాను వేయుదురు. చనిపోయినవారి గుర్తుమీద ఒక ఏటవాలు గీత గీయుదురు. వ్యాధి వచ్చినవారి గుర్తును నల్లగా నింపుదురు. మీ అమ్మగారికి ఈ జబ్బు వచ్చినదా, ఏ వయసున వచ్చినది, అమ్మమ్మగారు దేనితో పోయిరి, మేనత్తలు ఎందరు, వారి పిల్లలు ఎందరు అని ఒక్కొక్కటిగా అడుగుదురు. మన ప్రవరలో తండ్రి, తాత, ముత్తాతలే యుందురు. ఈ పట్టికకు ఆడవారు ముఖ్యము. అట్లని తండ్రివైపు విడువరాదు. ఈ జన్యుదోషము తల్లినుండి ఎంతగా రాగలదో తండ్రినుండియు అంతగానే రాగలదు. ఈ చిన్న సంగతి తెలియక తండ్రివైపు బంధువులను అడుగక విడిచిన వైద్యులు గతమున పెక్కుమంది కలరు.

ఆ బల్లయెదుట కూర్చుండు కుర్చీ ఎవరికి దొరకుచున్నది, ఎవరికి దొరకుటలేదు అను విషయమును మేము ఇక్కడ విచారింపదలచితిమి. అమెరికాలో రొమ్ము క్యాన్సరునుండి బయటపడిన నల్లజాతి స్త్రీలకు ఆ కుర్చీ తెల్లవారికంటె అరుదుగా దొరకుచున్నదని ఇరువదియేండ్లుగా పరిశోధకులు లెక్కలతో చూపుచున్నారు. ఈ వ్యత్యాసము హఠాత్తుగా పుట్టినది కాదు. దానికి చరిత్ర కలదు. ఆ చరిత్రకు మూలము క్యాన్సరు వైద్యమున గాక వేరుచోట నున్నది.

మన పెద్దలు రాచపుండు అని పేరు చెప్పుటకే జంకిన ఈ వ్యాధి కొన్ని కుటుంబములను వెంటాడుచున్నదని గ్రహించినవారిలో పారిసు నగరపు శస్త్రవైద్యుడు పాల్ బ్రోకా ఒకడు. మెదడులో వాక్కునకు స్థానమైన భాగమును గుర్తించిన కీర్తి ఆయనదే. 1866లో ఆయన తన భార్య వంశపు చరిత్రను ప్రకటించెను. ఆ వంశమున తరము వెంట తరముగా స్త్రీలు రొమ్ము క్యాన్సరుతో మరణించియుండిరి. ఆ తరువాత సుమారు వందయేండ్లవరకు ఇట్టి కుటుంబములను గూర్చి వైద్యులు వింతగా చెప్పుకొనుటయే గాని, వారికి చేయగలిగిన దేమియు లేకపోయెను.

‘జన్యు సలహా’ అను మాట 1947లో పుట్టినది. మిన్నెసోటా విశ్వవిద్యాలయమునకు చేరిన డైట్ సంస్థకు అధ్యక్షుడైన షెల్డన్ రీడ్ దానిని కల్పించెను. ఆయన కోరిన అర్థము మంచిది: వంశమున రోగములున్న దంపతులకు నిజము చెప్పి, నిర్ణయమును వారికే విడిచి, తోడుగా నుండుట. అయితే ఆ సంస్థకు మూలధనమిచ్చిన ఛార్లెస్ డైట్ అను వైద్యుడు వేరు తరహా మనిషి. ‘అయోగ్యులకు’ సంతానము కలుగరాదని వాదించి, మిన్నెసోటా రాష్ట్రమున 1925లో సంతాననిరోధ శస్త్రచికిత్సల చట్టము వచ్చుటకు పాటుపడినవాడు. రీడ్ ఆ భావములనుండి తప్పుకొనుటకే క్రొత్త మాటను తెచ్చెను. కాని ఇల్లు మాత్రము పాతది. తెలుపవచ్చిన సలహా ఎంత నిర్మలమైనదైనను, అది ఏ యింటి గడప దాటి వచ్చుచున్నదో వినువారు చూడక మానరు.

గడపను చూచుటకు కారణములు లేకపోలేదు. ఉత్తర కారొలైనా రాష్ట్రమున 1929 మొదలు 1974 వరకు ప్రభుత్వాజ్ఞతో సుమారు 7,600 మందికి పిల్లలు కలుగకుండ శస్త్రచికిత్సలు చేసిరి. తొలుత వారిలో తెల్లవారే హెచ్చుగా నుండిరి. 1960 దశకము నాటికి నల్లజాతి స్త్రీలే అత్యధికులైరి. బ్రతికియున్నవారికి పరిహారమిచ్చుటకు ఆ రాష్ట్రశాసనసభ 2013లో గాని ఒప్పుకొనలేదు. ‘మీ వంశమున దోషమున్నది, పరీక్షింతము రండు’ అను మాట ఆ ప్రాంతపు నల్లజాతి ముసలమ్మ చెవికి ఎట్లు వినబడునో వేరుగా చెప్పవలసిన పనిలేదు.

అంతకంటెను ఈ విషయమునకు దగ్గరి కథ మరియొకటి కలదు. కొడవలికణ రక్తహీనత అను వ్యాధి ఆఫ్రికా సంతతివారిలో హెచ్చు. తల్లిదండ్రు లిరువురి నుండియు దోషము వచ్చిననే రోగము. ఒక్కరినుండి వచ్చిన వారు సాధారణముగా ఆరోగ్యవంతులే. అమెరికా నల్లజాతివారిలో ఇట్టి వాహకులు పండ్రెండు పదముగ్గురిలో ఒకరు. 1970 దశకము తొలిసంవత్సరములలో పలు రాష్ట్రములు నల్లజాతి పిల్లలకును, వివాహమాడబోవువారికిని ఈ పరీక్షను నిర్బంధముచేసి చట్టములు తెచ్చినవి. పరీక్ష చేయువారున్నారు గాని ఫలితమును విడమరచి చెప్పువారు లేకపోయిరి. వాహకుడు వేరు, రోగి వేరు అని చట్టములు వ్రాసినవారికే సరిగా తెలియదు. ఆరోగ్యముగా నున్నవారికి బీమాసంస్థలు రుసుము పెంచినవి. కొందరికి ఉద్యోగములు తప్పినవి. వాయుసేన శిక్షణాలయము 1981 వరకు వాహకులను చేర్చుకొనలేదు. 1972లో కేంద్రప్రభుత్వము చేసిన చట్టమున పరీక్ష స్వచ్ఛందముగా నుండవలెనను నియమము పెట్టిరి. అప్పటికే నష్టము జరిగిపోయెను.

జన్యుపరీక్షకు ముందును వెనుకను సలహా ఎందుకు కావలెనో ఆ దేశము ఈ సంఘటననుండియే చాలవరకు నేర్చుకొన్నది. సలహాదారులకు ప్రత్యేకమైన పట్టా చదువును న్యూయార్కు రాష్ట్రములోని సారా లారెన్స్ కళాశాల 1969లో ప్రారంభించెను. అది ఆ తరహా చదువులలో మొట్టమొదటిది. చిత్రమేమనగా, సలహా లేని పరీక్షవలన ఎక్కువ నష్టపడినవారు నల్లజాతివారు. ఆ సలహావృత్తిలో ప్రవేశించినవారు మాత్రము దాదాపు అందరును తెల్లజాతి స్త్రీలు. నేటికిని ఆ వృత్తిలో నూటికి సుమారు తొంబదిమంది తెల్లవారే.

ఇక జన్యువు మాటకు వత్తము. రొమ్ము క్యాన్సర్లన్నియు వంశపారంపర్యములు కావు. నూటికి అయిదు మొదలు పది వరకు మాత్రమే అట్టివి. ఆ కొద్దిపాటికి కారణమైన జన్యువును వెదకుటకు కాలిఫోర్నియాలో మేరీ క్లెయిర్ కింగ్ అను విదుషీమణి 1970 దశకమున పూనుకొనెను. ఇంత జటిలమైన రోగమునకు ఒక్క జన్యువు కారణమగుటయా అని పలువురు పెదవి విరిచిరి. 1990లో ఆమె 23 కుటుంబములలోని 146 మంది రోగుల వివరములనుబట్టి పదునేడవ క్రోమోసోముమీద ఆ జన్యువు స్థానమును నిర్ణయించి లోకమును ఆశ్చర్యపరచెను. 1994లో యూటా రాష్ట్రమున మార్క్ స్కోల్నిక్ బృందము దానిని పట్టుకొని విప్పిచూపెను. దానికి బి.ఆర్.సి.ఎ. 1 అని పేరు. రెండవ జన్యువును 1995లో ఇంగ్లండున మైకేల్ స్ట్రాటన్ బృందము కనుగొనెను.

ఇక్కడ మనము కొంచెము నిలువవలెను. జన్యువు యూటాలో దొరకుట యాదృచ్ఛికము కాదు. ఆ రాష్ట్రమున స్థిరపడిన మార్మను మతస్థులకు పూర్వుల పేర్లను సేకరించి భద్రపరచుట మతధర్మము. తాతముత్తాతల జననమరణములు, వివాహములు, సంతానము అన్నియు వారి పుస్తకములలో నుండును. స్కోల్నిక్ మొదలైనవారు 1970 దశకమున ఆ వంశావళులను రాష్ట్రపు క్యాన్సరు పట్టికలతో జతపరచి ఒక మహాభాండారమును నిర్మించిరి. ఏ ముత్తవ్వకు సంబంధించిన ఏ శాఖలో ఎందరికి రోగము వచ్చినదో దానిలో కనిపించెను. తరతరముల పేర్లు వ్రాసి పెట్టుకొన్నవారి యింట జన్యువు దొరకెను.

పేర్లు వ్రాయబడనివారి మాట ఏమి? అమెరికా ప్రభుత్వము 1850లోను, 1860లోను బానిసలను లెక్కించి ప్రత్యేకమైన పట్టికలు తయారుచేసెను. యజమాని పేరుండును. దానిక్రింద బానిసల వయస్సు, స్త్రీయో పురుషుడో, రంగు ఇవి యుండును. బానిస పేరు ఉండదు. విముక్తి పొందినవారి పేర్లు జనాభాలెక్కలలో కనిపించుట 1870 మొదలు. నల్లజాతి కుటుంబములు తమ వంశమును వెదకుకొనుచు వెనుకకు పోయినపుడు ఆ సంవత్సరముకడ గోడ తగులును. ఆ గోడకు వెనుక భార్యను ఒకచోటికి, భర్తను ఒకచోటికి, పిల్లలను వేరొకచోటికి అమ్మివేసిన సంతలు కలవు. విముక్తి తరువాత అనేక సంవత్సరములవరకు తల్లుల కొరకు, బిడ్డల కొరకు పత్రికలలో ప్రకటనలు వేయించుకొన్నవారి సంఖ్య తక్కువ కాదు.

మూడు తరములే గదా, 1870తో పనియేమి అని పాఠకులు అడుగవచ్చును. న్యాయమైన ప్రశ్నయే. నేటి యాభైయేండ్ల స్త్రీకి అమ్మమ్మ 1920 ప్రాంతమున పుట్టియుండును. ఆ అమ్మమ్మ దక్షిణాది పల్లెలో నల్లవారిని చేర్చుకొనని ఆసుపత్రుల కాలమున పోయియుండును; ఆమె రోగమును పరీక్షించి పేరు పెట్టినవాడు ఉండకపోవచ్చును. ‘కడుపులో గడ్డతో పోయినది’ అనుటయే మిగులును. అది అండాశయపు క్యాన్సరైనను కావచ్చును, కాకపోవచ్చును. మేనత్త ఉత్తరాది నగరమునకు వలసపోయి సంబంధము తెగియుండును. అప్పుడు సలహాదారు కాగితముమీద వృత్తములుండును గాని, వాటిని నల్లగా నింపవలెనో తెల్లగా విడువవలెనో తెలియదు. తెల్లగా విడిచిన కాగితమును చూచి, ‘కుటుంబచరిత్ర ఏమియు లేదు, పరీక్ష అవసరము కాదు’ అని నిర్ణయించు నియమములు చాలకాలము అమలులో నుండెను. చరిత్ర లేకపోవుట వేరు, చరిత్ర తెలియకపోవుట వేరు. ఈ భేదమును నియమములు గుర్తింపలేదు.

బ్రతికి బయటపడిన స్త్రీకి ఇక ఈ సలహాతో ఏమి ప్రయోజనమని ఎవరికైన తోచవచ్చును. బయటపడుట అనునదే క్రొత్త సంగతి. శస్త్రచికిత్స తరువాత మూడు మందులను కలిపి యిచ్చు పద్ధతిని ఇటలీవైద్యులు 1976లో ప్రకటించిన పిమ్మట అట్టివారి సంఖ్య హెచ్చెను. ఆ మూడింటిలో మెథోట్రెక్సేటు, మన భీమవరమున జన్మించిన యెల్లాప్రగడ సుబ్బారావుగారి ఆధ్వర్యవమున అమెరికాలో పుట్టిన మందు అని ఇక్కడ చెప్పుకొనుట అప్రస్తుతము కాదనుకొందుము. అట్లు బయటపడినవారిలో బి.ఆర్.సి.ఎ. దోషమున్నవారికి ప్రమాదము తీరిపోలేదు. మొదటి జన్యువున దోషమున్న స్త్రీకి ఎనుబదియేండ్లలోపల రొమ్ము క్యాన్సరు వచ్చు అవకాశము నూటికి 72, అండాశయపు క్యాన్సరు వచ్చు అవకాశము నూటికి 44 అని 2017లో ప్రకటింపబడిన ఒక పెద్ద పరిశీలన తేల్చినది. ఒక రొమ్మున క్యాన్సరు వచ్చిన పిదప ఇరువదియేండ్లలో రెండవ రొమ్మునకు వచ్చు అవకాశము నూటికి 40. అండాశయపు రోగము చాటుగా పెరుగును. కనిపించునప్పటికి సాధారణముగా ఆలస్యమగును. తెలిసియున్నచో తగిన వయస్సున అండాశయములను తీసివేయించుకొని ఆ మరణమును చాలవరకు తప్పించుకొనవచ్చును. ఇది ఆమె సంగతి. ఆమె అక్కచెల్లెండ్రకును, సంతానమునకును అదే దోషముండు అవకాశము సగము. కూతురికి రోగము రాకముందే తెలిసికొను దారి తల్లి రక్తపరీక్షనుండియే మొదలగును. కావున ఆ తల్లిని కుర్చీకి పిలువకపోవుటవలన నష్టపోవునది ఆమె యొక్కతెయే కాదు.

ఈ పిలుపు అందరికి సమానముగా అందుచున్నదా? 2005లో పెన్సిల్వేనియా పరిశోధకులు ఒక వ్యాసము ప్రకటించిరి. కుటుంబమున రొమ్ము లేక అండాశయపు క్యాన్సరున్న 408 మంది స్త్రీలను వారు పరిశీలించిరి. నల్లజాతి స్త్రీలు జన్యు సలహా పొందు అవకాశనిష్పత్తి తెల్లవారితో పోల్చగా 0.22 మాత్రమే, అనగా నాలుగవవంతుకు కూడ తక్కువ. డబ్బును, చదువును, భయమును, వైద్యునితో సంభాషణను లెక్కలోనికి తీసికొనినను అది 0.28 కంటె పెరుగలేదు. ఫ్లారిడా రాష్ట్రమున 2009 మొదలు 2012 వరకు యాభైయేండ్లలోపుననే రోగము కనబడిన 1,600 మందికి పైగా స్త్రీలను గూర్చిన పరిశీలన 2017లో వెలువడినది. వయస్సునుబట్టియే వీరిలో పెక్కురు పరీక్షకు అర్హులు. పరీక్ష జరిగినవారు తెల్లవారిలో నూటికి 65, నల్లవారిలో 36. ఆ పరిశీలనలో మరియొక వివరము మమ్ము ఆకర్షించినది. స్పానిషు సంతతివారిలో ఇంగ్లీషు మాటలాడువారికి నూటికి 69 మందికి పరీక్ష జరుగగా, స్పానిషు మాత్రమే మాటలాడువారిలో 50 మందికి జరిగినది. జాతి ఒక్కటే, భాష వేరైనది. సలహా అనునది మాటలతో నడచు వైద్యము గదా.

కారణమేమని అడిగినపుడు అమెరికాలో చాలకాలము వినవచ్చిన ప్రత్యుత్తరము, ‘వారు మమ్ము నమ్మరు’ అనునది. దీనికి సాక్ష్యముగా టస్కీగీ కథ చెప్పుదురు. అలబామా రాష్ట్రమున 1932 మొదలు 1972 వరకు ప్రభుత్వ ఆరోగ్యశాఖ 399 మంది నల్లజాతి సవాయిరోగులను చికిత్స లేకుండ పరిశీలించుచు కూర్చుండెను. పెన్సిలిన్ వచ్చిన తరువాత కూడ ఇయ్యలేదు. అపనమ్మకమునకు ఇంతకంటె కారణమేమి కావలెను? కాని ఈ ప్రత్యుత్తరమును మేము పూర్తిగా ఒప్పుకొనజాలము. తమవారు నడపిన కొడవలికణ పరీక్షాకేంద్రములకు అదే నల్లజాతి ప్రజలు 1970 దశకమున బారులుతీరి వచ్చిరి. బ్లాక్ పాంథర్ సంఘము ఆ పరీక్షలను వీధులలో ఉచితముగా నడపెను. పరీక్ష అనిన భయము కాదు, పరీక్ష ఎవరి చేతిలో నున్నదను దానినిబట్టి భయము. అదియును గాక, నమ్మకము లేదని రోగిమీద నెట్టివేసినచో వైద్యుడు చేయవలసిన పని యేమియు మిగులదు. అది వైద్యునకు సుఖమైన సిద్ధాంతము.

ఆ సిద్ధాంతమును పరీక్షకు పెట్టినది 2016లో ప్రకటింపబడిన మరియొక పరిశీలన. 2007 మొదలు 2009 వరకు పెన్సిల్వేనియా, ఫ్లారిడా రాష్ట్రములలో రోగము కనబడిన 3,016 మంది స్త్రీలను, వారికి చికిత్స చేసిన శస్త్రవైద్యులను, క్యాన్సరు వైద్యులను కలిపి పరిశోధకులు విచారించిరి. వారి అనుమానము ఇది: నల్లవారు ఒక రకపు వైద్యులయొద్దకు, తెల్లవారు మరియొక రకపు వైద్యులయొద్దకు పోవుచుండుటచేత ఈ వ్యత్యాసము కలుగుచుండవచ్చును. నిజముగానే ఇరువర్గముల వైద్యులు చాలవరకు వేర్వేరుగా నుండిరి. కాని ఆ వేర్పాటును లెక్కకట్టి చూచినను పరీక్షలలోని వ్యత్యాసము తగ్గలేదు. రోగముయొక్క తీవ్రత, కుటుంబచరిత్ర, చదువు, ఆదాయము, పరీక్షపై స్త్రీల అభిప్రాయము సరిచూచినపుడు కొంత తగ్గినది, మాయలేదు. మరికొంత తగ్గినది ఎప్పుడనగా, ‘పరీక్ష చేయించుకొనుమని మీ వైద్యుడు చెప్పెనా’ అను ప్రశ్నకు జవాబులను లెక్కలో చేర్చినపుడు. ప్రమాదము సమానముగా నున్నను నల్లజాతి స్త్రీకి వైద్యుడు ఆ మాట చెప్పుట అరుదుగా జరిగినది.

వైద్యులు దుర్మార్గులని దీని అర్థము కాదు. శస్త్రచికిత్స దినము నిర్ణయింపవలెను, మందు మోతాదు చూడవలెను, బయట వరుసలో పదిమంది వేచియుందురు. అట్టి తొందరలో ‘ఈమెకు చెప్పవలెను’ అని తట్టుటయు, తట్టకపోవుటయు మనస్సులో ముందుగా ఏర్పడిన బొమ్మలనుబట్టి యుండును. వంశపారంపర్య రొమ్ము క్యాన్సరనగానే వైద్యవిద్యార్థికి నేర్పిన బొమ్మ తూర్పు ఐరోపా యూదుల కుటుంబము. ఆ సంతతిలో ప్రతి నలుబదిమందిలో ఒకరికి మూడు ప్రసిద్ధమైన దోషములలో ఏదో యొకటి యుండును. ఆ మాట నిజమే. నల్లజాతివారికి ఇట్టివి అరుదని లోపలలోపల ఏర్పడిన నమ్మకము మాత్రము నిజము కాదు.

ఈ నమ్మకమును కదల్చినవారిలో ముఖ్యురాలు ఒలుఫున్మిలాయో ఒలోపాడే. ఆమె నైజీరియాలో పుట్టి ఇబాదాన్ నగరమున వైద్యము చదివి చికాగో చేరినది. అచ్చటి విశ్వవిద్యాలయమున 1992లో క్యాన్సరు ప్రమాదమును విచారించు వైద్యశాలను నెలకొల్పెను. ఆఫ్రికా సంతతి స్త్రీలకు చిన్నవయస్సుననే, హార్మోను మందులకు లొంగని ఉగ్రమైన జాతి క్యాన్సరు ఎక్కువగా వచ్చుట ఆమె గమనించెను. ఆమెయును, కింగును కూడి 2015లో ప్రకటించిన పరిశీలనలో 289 మంది నల్లజాతి రోగులలో 22 శాతమునకు వంశదోషము కనబడినది. (వీరు ప్రమాదవైద్యశాలకు వచ్చినవారు గనుక ఈ అంకెను అందరికి వర్తింపరాదు.) ప్రక్కనున్న బహామా దీవులలో 214 మంది రోగులను ఏ ఏరివేతయు లేక పరీక్షింపగా 23 శాతమునకు బి.ఆర్.సి.ఎ. దోషమున్నట్లు 2011లో తేలినది. అంత హెచ్చు శాతము అంతకుముందు ఎచ్చటను కనబడలేదు. ఆ దీవుల జనులలో అత్యధికులు ఆఫ్రికానుండి తేబడినవారి సంతతి. అమెరికా మొత్తముమీద చూచినచో, 2021లో వచ్చిన విస్తృతమైన లెక్క ప్రకారము రొమ్ము క్యాన్సరు వచ్చిన నల్లజాతి స్త్రీలలో 5.65 శాతమునకును, తెల్లజాతి స్త్రీలలో 5.06 శాతమునకును వంశదోషమున్నది. అనగా ఇంచుమించు సమానము. రంగును చూచి పరీక్షను చెప్పుటకు గాని, మానుటకు గాని ఆధారము లేదు.

పరీక్ష జరిగిన తరువాతను చిక్కు తీరదు. ప్రయోగశాలనుండి వచ్చు జవాబులు మూడు రకములు: దోషమున్నది, లేదు, ఏదో మార్పు కనబడినది గాని దాని అర్థము తేలలేదు. ఈ మూడవ జవాబు ఐరోపా సంతతివారికంటె ఆఫ్రికా, ఆసియా సంతతులవారికి తరచుగా వచ్చును. అక్కడ నివసించు మన తెలుగు కుటుంబముల స్త్రీలును ఈ వర్గములోనివారే. శరీరములో తేడాయేమియు లేదు. పోల్చిచూచుటకు ప్రయోగశాలల గ్రంథములలో వారి వంటివారి వివరములు తక్కువ. పరీక్షలు తక్కువగా జరుగుటచేత వివరములు తక్కువ. వివరములు తక్కువగుటచేత జవాబు స్పష్టము కాదు. జవాబు స్పష్టము కానిచో పరీక్ష ఎందుకను వైద్యులున్నారు.

కొంతకాలము ఈ గ్రంథములకు తాళము కూడ పడెను. యూటాలోని మిరియాడ్ సంస్థ ఈ జన్యువులమీద పేటెంటు హక్కులు పొంది 1996లో పరీక్షను విపణిలోనికి తెచ్చెను. వేరెవరును ఆ పరీక్ష చేయరాదు. ధర చివరకు 3,000 డాలర్లకు పైబడెను. ప్రకృతిలోని జన్యువును కనుగొన్నంతమాత్రమున అది ఎవరి సొత్తును కాదని సుప్రీంకోర్టు 2013 జూన్ 13వ తేదీన ఏకగ్రీవముగా తీర్పు చెప్పినది. వెంటనే ఇతర ప్రయోగశాలలు ముందుకు వచ్చినవి. ధర కొన్ని వందల డాలర్లకు దిగినది. ఆ నడుమ 2008లో చేసిన చట్టము ఆరోగ్య బీమావారును, యజమానులును జన్యుఫలితములనుబట్టి వివక్ష చూపరాదని శాసించినది. జీవిత బీమాను మాత్రము ఆ చట్టము ముట్టలేదు. ఫలితము తెలిసినపిదప జీవిత బీమా దొరకునో లేదో అని వెనుకాడు తల్లిని తప్పుపట్టలేము. కొడవలికణ పరీక్షలనాటి ముచ్చట ఆ యింట ఎవరో ఒకరు చెప్పియే యుందురు.

ధర తగ్గిన తరువాత వ్యత్యాసము తగ్గవలెను గదా! కొంత తగ్గినది, పోలేదు. నేడు ఫలితముతో పందెము మరింత పెద్దదైనది. బి.ఆర్.సి.ఎ. దోషమున్నవారి క్యాన్సరుపై ప్రత్యేకముగా పనిచేయు ఒలాపరిబ్ అను మందును ముదిరిన రొమ్ము క్యాన్సరుకు 2018లోను, తొలిదశలో తిరుగబెట్టు ప్రమాదము హెచ్చుగా నున్నవారికి 2022లోను అమెరికా ప్రభుత్వసంస్థ అనుమతించినది. పరీక్ష లేనివారికి ఆ మందు లేదు. ఇప్పటికే అక్కడ నల్లజాతి స్త్రీలకు రొమ్ము క్యాన్సరు వచ్చుట తెల్లవారికంటె కొంచెము తక్కువ. దానితో మరణించుట మాత్రము సుమారు 40 శాతము ఎక్కువ.

నియమములు మారుచున్నవి. నివారణసేవలను గూర్చి సిఫారసుచేయు ప్రభుత్వ నిపుణసంఘము 2005లో కుటుంబచరిత్రగల స్త్రీలను సలహాకు పంపవలెనని చెప్పెను. అప్పుడు ఉద్దేశించినది రోగము రానివారిని. రోగము వచ్చి నయమైనవారిని గూడ విచారించి సలహాకు పంపవలెనని అదే సంఘము 2019 ఆగస్టులో చేర్చినది. ఆ యేడే రొమ్ము శస్త్రవైద్యుల సంఘము, రోగము వచ్చిన ప్రతివారికి పరీక్ష చెప్పవలెనని ప్రకటించెను. అరువదియైదేండ్లలోపు రోగులందరికి బి.ఆర్.సి.ఎ. పరీక్ష చెప్పవలెనని క్యాన్సరు వైద్యుల సంఘము 2024లో సూచించెను. ఇట్లు అందరికి చెప్పు నియమముననే మాకు ఎక్కువ ఆశ కలుగుచున్నది. అమ్మమ్మ దేనితో పోయినదో తెలియకున్నను పరీక్షకు అడ్డములేదు. వైద్యుని మనస్సులోని బొమ్మతో పనిలేదు. కాగితముమీది తెల్లని వృత్తములను రక్తపు చుక్కయే కొంతవరకు పూరించును.

అయితే ఈ నియమములు ఎక్కువగా క్రొత్తగా రోగము కనబడినవారి చేతికే అందును. వైద్యుని గదిలో ఇప్పుడు కూర్చున్నవారికి వైద్యుడు చెప్పును. 2007లోనో, 2010లోనో చికిత్స ముగించుకొని ఇంటికి పోయిన స్త్రీ సంగతి వేరు. ఆనాడు ఆమెకు ఎవరును చెప్పలేదు. ఆమె శస్త్రవైద్యుడు పదవీవిరమణ చేసియుండును, లేక ఊరు మారియుండును. ఆమె కాగితములు ఆసుపత్రి అరలలో భద్రముగానే యున్నవి. వయస్సు, రోగపు రకము, పరీక్ష జరుగలేదను సంగతి అన్నియు వాటిలో నున్నవి. ఆ అరలను తెరచి, పేర్లు ఏరి, ఉత్తరము వ్రాసి పిలిపించు పనిని కొన్నిచోట్ల పూనికతో చేయుచున్నారు. పెక్కుచోట్ల అది ఎవరి పనియు కాదు. ఆ స్త్రీకి ఇప్పుడు అరువదియేండ్లు దాటియుండును. ఆమె కూతురు ముప్పదియైదింటికి వచ్చియుండును.